టెక్సస్‌లో పన్నెండు ఎకరాల మీద బతకగలమా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో, డల్లాస్‌కు దక్షిణాన మేము 2014లో కొనుక్కున్న 12 ఎకరాల కమతం గురించి రాశాను. అది చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువమందికి ఉపయోగపడతాయనిపించిన నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నేనూ నా భార్యా ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఇద్దరివీ హెచ్-1బీ వీసాలే. మాది ప్రకాశం జిల్లాలో వ్యవసాయ కుటుంబం. డల్లాస్‌కు గంటన్నర దూరంలో 12 ఎకరాల నల్లరేగడి పొలం చూశాము. అయిదేళ్లలో ఉద్యోగాలు మానేసి, ఆ పొలం మీద సాదాసీదాగా బతకాలని మా కోరిక. ఇది జరిగే పనేనా? కొనే ముందు ఏమేమి చూసుకోవాలి? (ఒక పాఠకుడు, ఫ్రిస్కో)

జవాబు: పొలం కొనవచ్చా అన్నది ఒక ప్రశ్న, ఆ పొలంలో పని చేసి సంపాదించవచ్చా అన్నది వేరే ప్రశ్న. మనవాళ్లు ఈ రెండింటినీ కలిపి చూసి ఇబ్బందిలో పడుతున్నారు. హెచ్-1బీ మీద ఉన్నవారు భూమి కొనడానికి అభ్యంతరం లేదు. 2025 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అమలులోకి వచ్చిన చట్టం చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా దేశాలవారి కొనుగోళ్ల మీద ఆంక్షలు పెట్టింది. భారతీయులు దాని పరిధిలో లేరు. అయితే 1978 నుంచి మరొక కేంద్ర చట్టం ఉంది. గ్రీన్ కార్డు లేని విదేశీయులు వ్యవసాయ భూమి కొంటే 90 రోజులలోగా ఆ సంగతిని అమెరికా వ్యవసాయ శాఖకు ఒక ఫారం ద్వారా తెలియజేయాలి. తెలియజేయకపోతే భూమి మార్కెట్ విలువలో 25 శాతం దాకా జరిమానా వేయవచ్చు. మొత్తం భూమి 10 ఎకరాలకు మించకుండా, దాని మీద ఏటా వచ్చే అమ్మకాలు 1,000 డాలర్లు దాటకుండా ఉంటే మినహాయింపు ఉంటుంది గాని, మీరు చూసినది 12 ఎకరాలు కాబట్టి మీకు అది వర్తించదు. రిజిస్ట్రేషన్ చేయించే ఏజెంట్లలో చాలామందికి ఈ ఫారం సంగతే తెలియదు. అందువల్ల ఈ పని మీరే గుర్తు పెట్టుకుని చేయాలి.

ఇక రెండో ప్రశ్న. హెచ్-1బీ మీద ఉన్న మనిషి తనకు వీసా ఇప్పించిన సంస్థకు మాత్రమే పని చేయాలి. మీ పొలంలో మీరే దున్ని, కోసి, అమ్మితే అది అనుమతి లేని పనిగా లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. ఇన్నేళ్లుగా గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నవారు పది కట్టల గోంగూర కోసం దాన్ని పణంగా పెట్టడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయరుకు ఫీజు కట్టి, మీ పరిస్థితి వివరించి, రాతపూర్వకంగా సలహా తీసుకోండి. గ్రీన్ కార్డు వచ్చేదాకా పొలాన్ని పక్క రైతుకు పశువుల మేతకో, గడ్డి కోతకో కౌలుకు ఇవ్వడం ఇక్కడ అందరూ చేసే పనే. కౌలు డబ్బు కొద్దిగానే వస్తుంది గాని భూమి బీడు పడదు, కంచెలు పాడుకావు.

ఇప్పుడు బతుకుతెరువు సంగతి. మా లెక్కలు దాచకుండా చెబుతాను. 2024లో మా 12 ఎకరాల మీద ఖర్చులు పోను మిగిలినది 7,500 డాలర్లు. ఆకుకూరలూ కూరగాయల మీద 3,500, పదహారు తల్లిమేకల మంద మీద 2,900, తేనె మీద 1,100 వచ్చాయి. కూరగాయలకు నేను పెట్టిన గంటలను పుస్తకంలో రాసుకున్నాను, అవి 500 అయ్యాయి. అంటే గంటకు 7 డాలర్లు మిగిలాయి. అమెరికా చట్టం ప్రకారం కనీస వేతనం 7 డాలర్ల 25 సెంట్లు. పొలం మీద మాకు అప్పు లేదు. మా వారి ఉద్యోగం వల్ల కుటుంబానికి ఆరోగ్య బీమా ఉంది. ఈ రెండూ లేకపోతే ఆ 7,500 డాలర్లు నెలవారీ వాయిదాలకూ బీమాకూ చాలకుండా పోయేవి. ఉద్యోగం మానేస్తే కుటుంబ బీమాకు ఎంత అవుతుందో మీరిద్దరూ ఇవాళే కూర్చుని లెక్క వేయండి, పొలం ధర గురించి తరువాత మాట్లాడుకోవచ్చు. ఇక్కడి చిన్న రైతు కుటుంబాలలో ఎక్కువభాగం బయటి సంపాదన మీదే నిలబడి ఉన్నాయి, ఎవరో ఒకరు బడిలోనో ఆసుపత్రిలోనో ఉద్యోగం చేస్తూనే ఉంటారు. కాబట్టి ఇద్దరూ ఉద్యోగాలు మానేయడం జరిగే పని కాదు. అప్పు లేకుండా కొని, ఒకరు ఉద్యోగంలో ఉండి, మరొకరు గ్రీన్ కార్డు వచ్చాక పూర్తిగా పొలం మీద నిలబడితే, కొన్నేళ్లకు ఆ రెండో మనిషికి సాదాసీదా ఆదాయం వస్తుంది. మీ ఆశను తగ్గించాలని రాయలేదు. ఈ లెక్క ముందే తెలిసి ఉంటే మేము మొదటి మూడేళ్లు అంత బాధపడేవాళ్లం కాదు.

మీరు చూసిన నేల నల్లరేగడి అని రాశారు. డల్లాస్ నుంచి శాన్ ఆంటోనియో దాకా పట్టీలాగా సాగే ఈ నేల మన గుంటూరు, కర్నూలు రేగడికి దగ్గరి చుట్టమే. వానకు చెప్పులకు అంటుకుని అడుగు పడనివ్వదు, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. పదును చూసి దున్నడం మీ నాన్నగారి దగ్గర నేర్చుకున్నట్టయితే అది ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది. గట్ల మీద మీకు కనిపించే ముళ్ల చెట్టు మెస్కీట్, మన సర్కారు తుమ్మకు అక్కచెల్లెలు. ఎకరం కూడా అదే ఎకరం, మన వంద సెంట్లు, తెలంగాణ లెక్కలో నలభై గుంటలు. ఇవన్నీ చూసి ఊరికి తిరిగి వచ్చినట్టు అనిపించి మోసపోతాము, ఎందుకంటే వాన మాత్రం మన వాన కాదు. డల్లాస్ ప్రాంతంలో ఏడాదికి దాదాపు 36 అంగుళాలు పడుతుంది, అది తక్కువేమీ కాదు. కాని అది ముఖ్యంగా మే నెలలోనూ అక్టోబరులోనూ పడుతుంది; మన పైరు వానతో పెరిగే జులై, ఆగస్టు నెలలలో ఇక్కడ నేల ఎండిపోతుంది. 2011లో డల్లాస్‌లో వంద ఫారన్‌హీట్ డిగ్రీలు, అంటే దాదాపు 38 సెల్సియస్, తాకిన రోజులు 71. పదేళ్ల తరువాత 2021 ఫిబ్రవరిలో అదే ఊళ్లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 19 సెల్సియస్ దాకా పడిపోయింది. ఆ వారంలో మా మునగచెట్లు నేలమట్టం దాకా చచ్చిపోయాయి, మళ్లీ వేరునుంచి చిగిర్చాయి. కరివేపాకు మాత్రం తిరిగి రాలేదు.

అందుచేత కొనే ముందు మొట్టమొదట నీళ్ల సంగతి అడగండి. ఈ నల్లనేల కింద చాలాచోట్ల పైపైన మంచి నీరు దొరకదు, లోతుకు పోతే బోరు ఖర్చు పెరుగుతుంది, కొన్నిచోట్ల ఆ నీటిలో ఉప్పు ఎక్కువ. అందుకే గ్రామీణ నీటి సంఘాలు గొట్టాల ద్వారా నీరు ఇస్తాయి. పొలానికి అలాంటి మీటరు ఇప్పటికే ఉందా, లేకపోతే కొత్తది ఇస్తారా, ఎంత అవుతుంది అన్నది ఆ సంఘం నుంచి కాగితం మీద తెప్పించుకోవాలి. బోరు వేయించుకోవాలంటే ఆ కౌంటీ (మన జిల్లా లాంటిది) బోర్లను నియంత్రించే భూగర్భజల సంరక్షణ సంస్థ పరిధిలోకి వస్తుందేమో చూడాలి. అలా వస్తే, రాష్ట్ర చట్టం ప్రకారం 10 ఎకరాలకు మించిన భూమిలో, ఇంటి వాడకానికో పశువులకో వేసే, రోజుకు 25,000 గ్యాలన్లకు మించి తోడలేని బోరుకు పర్మిట్ అక్కరలేదు. అమ్మకానికి పండించే కూరగాయలకు తడి పెట్టడం మాత్రం ఆ మినహాయింపులోకి రాదు. మీ 12 ఎకరాలలో ఇల్లు కట్టుకునే ఉద్దేశం ఉంటే మురుగునీటి సంగతి కూడా చూసుకోండి, రేగడి నీటిని ఇంకించుకోదు కాబట్టి మామూలు సెప్టిక్ ట్యాంకుకు చాలాచోట్ల అనుమతి రాదు, ఖరీదైన రకం పెట్టించాలి.

కాగితాల విషయంలో, పట్టాదారు పాసుపుస్తకం లాంటిది ఇక్కడ లేదు. కౌంటీ క్లర్కు కార్యాలయంలో దస్తావేజు నమోదవుతుంది, టైటిల్ కంపెనీ వెనకటి దస్తావేజులన్నీ వెతికి హామీ బీమా ఇస్తుంది, అది మన ఈసీకి రెండింతలు బలమైనది. టెక్సస్‌లో ప్రత్యేకంగా అడగవలసినది ఖనిజ హక్కుల గురించి. పైనేల ఒకరిది, లోపలి చమురూ గ్యాసూ మరొకరివి కావడం ఇక్కడ మామూలు. ఖనిజ హక్కుదారు తన సొత్తు తీసుకోవడానికి అవసరమైనంత మేర మీ పొలంలోకి వచ్చే హక్కు కలిగి ఉంటాడు.

ఇక్కడ ఇంటి పన్నుల భారం మీకు తెలిసినదే. వ్యవసాయానికి వాడే భూమికి మార్కెట్ ధర మీద కాక, అది ఇచ్చే దిగుబడి విలువ మీద పన్ను వేస్తారు, అందుకు గత ఏడేళ్లలో అయిదేళ్లు ఆ భూమి వ్యవసాయంలో ఉండాలి. ఏప్రిల్ నెల ముగిసేలోగా కౌంటీ మదింపు కార్యాలయానికి దరఖాస్తు పెట్టాలి. 5 నుంచి 20 ఎకరాలదాకా తేనెటీగల పెంపకం కూడా ఈ లెక్కలోకి వస్తుంది, మేము పెట్టెలు పెట్టడానికి అదొక కారణం. ఆ భూమిని తరువాత వేరే వాడకానికి మారిస్తే గడిచిన మూడేళ్ల పన్ను తేడా కట్టవలసి ఉంటుంది. పైన చెప్పిన 1978 చట్టం ప్రకారం నమోదు చేసుకోవలసిన నాన్‌రెసిడెంట్ విదేశీయులకు ఈ రాయితీ వర్తించదని టెక్సస్ పన్ను చట్టంలో ఉంది. మీ వీసా పరిస్థితిలో మీరు ఆ మాట కిందికి వస్తారో రారో కొనే ముందే మదింపు కార్యాలయాన్ని అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: మాకు గ్రీన్ కార్డు ఉంది. హ్యూస్టన్ శివారులో మూడెకరాలు కౌలుకు దొరుకుతున్నాయి. గోంగూర, బెండ, సొర, కరివేపాకు పండించి మనవాళ్లకు అమ్మాలని, పచ్చళ్లు కూడా పెట్టాలని ఉంది. విత్తనాలు ఊరినుంచి తెప్పించుకోవచ్చా? (ఒక గృహిణి, హ్యూస్టన్)

జవాబు: కౌలుతో మొదలుపెట్టడం చాలా మంచి ఆలోచన. మూడెకరాలు దొరికినా మొదటి ఏడాది పావు ఎకరానికి, అంటే పాతిక సెంట్లకు, మించి వేయకండి. ఆకుకూర కోసి, కట్టలు కట్టి, వాడిపోకముందే చేర్చడానికే సగం రోజు పడుతుంది. పైన చెప్పిన మా 3,500 డాలర్లు వచ్చినది కూడా పాతిక సెంట్ల మీదే: నేరుగా ఇళ్లకు ఇచ్చినది కట్ట 2 డాలర్ల చొప్పున రెండువేల కట్టలు, దుకాణాలకు 1 డాలరు చొప్పున పదహారువందల కట్టలు, బెండకాయలూ మిగతావీ కలిపి 800 డాలర్లు. మొత్తం 6,400 వస్తే, నీళ్లు, డ్రిప్పు గొట్టాలు, పెట్రోలు, కోతలరోజుల కూలి కలిసి 2,900 ఖర్చయింది. దుకాణం వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్ల లెక్క వాళ్లది. కాని కట్టకు రెండో డాలరు మీ చేతికి రావాలంటే మీరే గడపగడపకూ తిరగాలి. మేము రెండు అపార్ట్‌మెంట్ సముదాయాలవారితో మాట్లాడుకుని, వారంవారం శనివారం ఉదయం ముందుగా చెప్పినవారికి మాత్రమే తీసుకువెళతాము. మిగిలిపోయిన కట్ట ఉండదు. మా లాభమంతా ఆ ఒక్క ఏర్పాటు వల్లనే.

గోంగూరను నేల బాగా వెచ్చబడ్డాక, డల్లాస్ దగ్గర ఏప్రిల్ సగం దాటాక విత్తుతాము, హ్యూస్టన్‌లో కొంచెం ముందే విత్తవచ్చు. అరచెయ్యంత ఎత్తు లేచాక ఒకసారి పలచన చేసి, మొక్కకు మొక్కకు జానెడు ఎడం ఉంచి, తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఎండ ఎంత మండినా తడి ఉంటే గోంగూర లొంగదు. అక్టోబరులో పగలు తగ్గగానే పూతకు వచ్చి ఆకు చిన్నబోతుంది. అప్పటికి పాలకూర, మెంతికూర, కొత్తిమీర విత్తుకుని ఉంటే చలికాలం కూడా చేతిలో సరుకు ఉంటుంది. మనవాళ్లకు వేసవిలో మెంతికూర మీద మోజు ఎక్కువ గాని, ఆ ఎండలో అది నిలవదు, దాని జోలికి పోకండి.

విత్తనాల విషయం కాస్త జాగ్రత్తగా చదవండి. అనుమతి లేకుండా సూట్‌కేసులో మూటకట్టుకుని తేవడం నిబంధనలకు విరుద్ధం. అమెరికా వ్యవసాయ శాఖ దగ్గర ముందుగా అనుమతి తీసుకుంటే, వాళ్లు ఒప్పుకున్న విత్తనాలను చిన్న పొట్లాలుగా తెప్పించుకోవచ్చు. పొట్లానికి 50 గింజలకు మించకుండా, ఒకసారికి 50 పొట్లాలకు మించకుండా ఉండాలి. పొట్లం మీద మొక్క శాస్త్రీయ నామం, దేశం, పంపినవారి పేరు రాసి ఉండాలి. ఒక ఏడాది పండించాక, గోంగూర, సొర, బెండల నుంచి మీరే విత్తనం తీసుకోవచ్చు. పక్కపక్కన రెండు రకాల బెండ వేస్తే కలిసిపోతాయి, అది మాత్రం చూసుకోండి.

కరివేపాకు గురించి నా సలహా: అమ్మకానికి పెట్టుకోకండి. కరివేప నిమ్మ కుటుంబపు చెట్టు. నిమ్మ, నారింజ తోటలను చంపే పచ్చరోగాన్ని మోసే చిన్న పురుగు కరివేప చిగుళ్ల మీద హాయిగా పెరుగుతుంది. ఆ రోగం టెక్సస్‌లో 2012 జనవరిలో దక్షిణ సరిహద్దులోని హిడాల్గో కౌంటీలో మొదట బయటపడింది, హ్యూస్టన్ ప్రాంతం కూడా ఇప్పుడు క్వారంటైన్‌లో ఉంది. మొక్కలు అమ్మాలన్నా, ఆ ప్రాంతం నుంచి బయటికి పంపాలన్నా రాష్ట్ర వ్యవసాయ శాఖను అడగకుండా అడుగు వేయకూడదు. ఇండియా నుంచి తాజా కరివేపాకు తీసుకురావడం ఎటూ నిషేధమే. అమ్మ ఇచ్చిన రెబ్బలను విమానాశ్రయంలో పారేయించారని బాధపడే అక్కలను చాలామందిని చూశాను, వాళ్లకు కూడా ఇదే చెబుతాను: ఆ రెబ్బతో వచ్చే కంటికి కనీకనిపించని పురుగు దక్షిణ టెక్సస్‌లో ఒక నారింజ రైతు జీవితం తీసేయగలదు.

పచ్చళ్లకు టెక్సస్‌లో ఇంటి వంటల చట్టం ఉంది. 2025 సెప్టెంబరు నుంచి ఏడాది అమ్మకాల పరిమితిని 1,50,000 డాలర్లకు పెంచారు. మాంసంతో చేసినవి ఈ చట్టం కింద అమ్మకూడదు, కాబట్టి కోడి పచ్చడి, రొయ్య పచ్చడి మాట మరిచిపోండి. కూరగాయల పచ్చళ్లలో పులుపు సరిపడా లేకపోతే ప్రాణాంతకమైన విషం పుట్టే వీలుంది. నూనె పైన నిలబడినంత మాత్రాన పచ్చడి క్షేమం అనుకోవడం మన ఇళ్లలో ఉన్న పొరపాటు. గోంగూర పులుపుదే గాని, మీరు వేసే వెల్లుల్లి, వేయించిన మిరప కలిశాక మొత్తం ఎంత పులుపు ఉందో పీహెచ్ పరీక్ష చేయించి, ఆ అంకె 4.6 దాటలేదని (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం) చూసుకున్నాకే సీసాకు మూత పెట్టండి. సీసా మీద ఏమేమి ఉండాలో ఆ చట్టంలో చూసుకుని రాయండి, వేసిన పదార్థాలు కూడా రాయండి. కోసిన కూరలకు చేయని కాపలా పచ్చడికి చేయాలి, ఎందుకంటే అది మీ చేతినుంచి ఒక పసిపిల్లవాడి కంచంలోకి వెళుతుంది.

ప్రశ్న: టెక్సస్‌లోని బ్రయన్ ఊరి దగ్గర ఆరెకరాలు కొని 22 మేకలు తెచ్చాను. మే నెల వానల తరువాత వారం రోజుల్లో తొమ్మిది చచ్చిపోయాయి. మేత తింటూనే ఉన్నాయి, పారుడు కూడా లేదు. ఒకదానికి దవడ కింద సంచిలాగా నీరు దిగింది. ప్రతి నెలా నట్టల మందు తాగిస్తూనే ఉన్నాను. ఏమైంది? (ఒక పాఠకుడు, బ్రయన్)

జవాబు: మీరు రాసిన గుర్తులన్నీ రక్తం పీల్చే నట్టల వైపే చూపిస్తున్నాయి. మీ కౌంటీలోని పశువైద్యుడి దగ్గర పేడ పరీక్షతో నిర్ధారించుకోండి. ఇది మేక నాలుగో పొట్టలో ఉండి రక్తం తాగుతుంది. ఒక్కో ఆడ నట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది. వేడీ తడీ కలిసిన మే నెల దానికి పండుగ. రక్తం తగ్గడం వల్ల మేక పాలిపోయి దవడ కింద నీరు దిగుతుంది. పారుడు సాధారణంగా ఉండదు, అందుకే మనకు తెలిసేలోపే ప్రాణం పోతుంది.

మీరు నెలనెలా మందు తాగించడమే ఇక్కడ సమస్య అయి ఉండవచ్చు. అందరికీ అదే మందు మళ్లీమళ్లీ పడితే దానికి లొంగని నట్టలు మాత్రమే మిగిలి పెరుగుతాయి. నాకు ఇది 2016లో తెలిసింది. మేకలు అమ్మినాయన మూడు వారాలకోసారి మందు తాగించానని గొప్పగా చెప్పాడు, నేను దాన్ని శుభ్రతగా భావించి సంతోషించాను. వానల తరువాత నాలుగు పిల్లలూ, నేను పేరు పెట్టి పిలిచే ఒక తల్లీ పోయాయి. ఆ సాయంత్రం కొట్టంలో కూర్చుని ఆ తల్లి కనురెప్ప లోపలివైపు చూశాను, తెల్లగా, ఉతికిన గుడ్డలాగా ఉంది.

ఆ చూపే ఇప్పుడు మాకు వైద్యం. దక్షిణాఫ్రికాలో మొదలైన ఫమాచా అనే పద్ధతి ఉంది. పై కనురెప్పను బొటనవేలితో కంటి మీదికి మెల్లగా నొక్కి, కింది రెప్పను కిందికి లాగితే లోపలి పొర బయటికి వస్తుంది. దాని రంగును కార్డు మీద ఉన్న అయిదు రంగులతో పోల్చాలి. 1, 2 ఎర్రగా ఉంటాయి, మందు అక్కరలేదు. 4, 5 పాలిపోయినవి, వెంటనే మందు పడాలి. 3 దగ్గర పిల్లలకూ చూడి మేకలకూ పాలిచ్చేవాటికీ ఇస్తాము, మిగతావాటిని రెండు వారాలకు మళ్లీ చూస్తాము. ఎండలో చూడాలి, దీపపు వెలుగులో రంగు మోసం చేస్తుంది. ఇలా కొన్నింటికే మందు పడడం వల్ల మందుకు లొంగే నట్టలు కూడా పొలంలో మిగిలి, మందు పనిచేయడం ఆగదు. ఈ కార్డు శిక్షణ తీసుకున్నవారికి ఇస్తారు. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం తరఫున రైతులకు సలహాలిచ్చే విస్తరణ కార్యాలయం దాదాపు ప్రతి కౌంటీలో ఉంది, వాళ్లను అడగండి. మేక నేలమీద మేత కంటే తల ఎత్తి ఆకు మేయడం ఇష్టపడే జంతువు, నట్ట పిల్లలు మాత్రం ఎక్కువగా నేలనుంచి నాలుగు అంగుళాల లోపు గడ్డిలోనే ఉంటాయి. కాబట్టి గడ్డి మరీ పొట్టిగా అయ్యేదాకా ఒకే చోట మేపకుండా, మడులుగా కంచె వేసి మార్చండి. ఆరెకరాలకు 22 మేకలు ఎక్కువని నా అభిప్రాయం. పన్నెండు, పదమూడు ఉంచుకుని కాపాడుకుంటే మిగిలేదే ఎక్కువ.

అమ్మకం గురించి మీరు అడగలేదు గాని, మేక విషయంలో చాలామంది దారి తప్పేది అక్కడే కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో మేకలు ఎక్కువగా ఉన్న రాష్ట్రం టెక్సస్, శాన్ ఏంజెలోలో దేశంలోనే అతి పెద్ద గొర్రెలు, మేకల సంత జరుగుతుంది. మీరు మాంసం కోసి ఇంటింటికీ అమ్మకూడదు, అందుకు తనిఖీ అధికారి ఉన్న కబేళా ముద్ర కావాలి. ప్రాణంతో ఉన్న మేకను అమ్మవచ్చు. బక్రీదు, దసరా, సంక్రాంతి తేదీలకు వెనక్కి లెక్క కట్టి, అయిదు నెలల చూలు, ఆపైన ఆరేడు నెలల పెంపకం కలుపుకుని పోతును మందలోకి ఎప్పుడు వదలాలో నిర్ణయించుకుంటే సంతలో పడే ధరకంటే బాగా వస్తుంది.

ప్రశ్న: తల్లీ, మాది నరసరావుపేట దగ్గర పల్లె. నాకు 68 ఏళ్లు. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, హెచ్-1బీ మీద ఉన్నాడు, అక్కడ పొలం కొంటానని, మాకున్న రెండెకరాలు అమ్మి డబ్బు పంపమని అడుగుతున్నాడు. పంపించవచ్చా? కావాలంటే నా పేరు మీదే కొంటానంటున్నాడు. (ఒక తండ్రి, పల్నాడు జిల్లా)

జవాబు: అయ్యా, చట్టప్రకారం పంపించవచ్చు. ఇండియాలో నివసించేవారు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా బ్యాంకు ద్వారా బయటికి పంపవచ్చు, కొడుక్కి బహుమతిగానైనా, భూమి కొనడానికైనా. 2025 ఏప్రిల్ నుంచి, ఏడాదిలో 10 లక్షలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా వసూలు చేస్తుంది. అది మీ ఆదాయపు పన్ను లెక్కలో కలుస్తుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది, అయితే ఆ సొమ్ము కొన్ని నెలలు మీ చేతిలో ఉండదు. మీ అబ్బాయికి ఆ ఏడాదిలో 1,00,000 డాలర్లకు మించి బహుమతి చేరితే అమెరికా ఆదాయపు పన్ను శాఖకు ఒక ఫారం ద్వారా తెలియజేయాలి. పన్ను పడదు గాని ఫారం ఇవ్వకపోతే జరిమానా పెద్దది.

మీ పేరు మీద కొనడానికి మాత్రం ఒప్పుకోవద్దు. అమెరికాలో ఉండని విదేశీయుడి పేర అక్కడ ఆస్తి ఉంటే, ఆయన తరువాత వారసులకు పన్ను లేకుండా దక్కేది 60,000 డాలర్ల మేరకే; ఆపైన ఉన్నదాని మీద భారీగా వారసత్వ పన్ను పడుతుంది. మీరు కూడా ఏటా ఇండియాలో వేసే ఆదాయపు పన్ను రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టీలో దాన్ని చూపించాలి, చూపించకపోతే 2015 నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా ఉంటుంది.

ఇక రెండెకరాలు అమ్మడం గురించి. ప్రవాస భారతీయుడు ఇండియాలో వ్యవసాయ భూమి కొనకూడదని విదేశీ మారక ద్రవ్య చట్టం నిబంధన. మీనుంచి వారసత్వంగా మాత్రం పొందవచ్చు. కాబట్టి ఆ రెండెకరాలు ఇప్పుడు పోతే, మీ అబ్బాయి ప్రవాసిగా ఉన్నంతకాలం ఇండియాలో ఎకరం కూడా మళ్లీ కొనలేడు. నేను మా నాన్న పొలం అమ్మించి ఇక్కడికి తెచ్చుకున్నదాన్ని. అప్పుడు ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు. ఇప్పుడు ఊరికి వెళితే చుట్టాల ఇంట్లో దిగుతాను. వెనక్కి వెళ్లే వీలుంటే నాన్న పొలం ఉంచుకునేదాన్ని.

అబ్బాయి కోరికను కాదనమని నేను చెప్పను, ఆ కోరిక ఎంత బలంగా ఉంటుందో నాకు తెలుసు. ఆయన వీసా మీద ఉన్నన్నాళ్లు తన చేతులతో పండించి అమ్మలేడు, ఆ సంగతి మొదటి జవాబులో రాశాను, ఆయన చేత చదివించండి. అక్కడ ఎక్కడైనా పెరడులో నాలుగు మడులు దొరికితే, ఒక సీజను ఇంటికి కావలసినంత గోంగూరా బెండా పండించి, నీటి బిల్లు ఎంత వచ్చిందో, జులైలో వారానికి ఎన్ని గంటలు మడుల దగ్గర గడిపాడో ఒక పుస్తకంలో రాసి మీకు పంపమనండి. మీరు ఆ పుస్తకాన్ని మీ పాత లెక్కలతో పక్కపక్కన పెట్టి చూడండి. ఆ తరువాత మీరిద్దరూ మాట్లాడుకుని, అప్పటికీ అమ్మాలనిపిస్తే, మళ్లీ నాకు రాయండి. ఆ పుస్తకం నకలు కూడా జతచేస్తే మీ అబ్బాయి లెక్కలు చూసి జవాబిస్తాను.